తాళంచెవులతో ఓడెక్కిన మనిషి

ఓడలో తిరిగొచ్చామని తెలియగానే మా వాషర్‌మెన్‌పేట్ వీధిలో ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, వాంతులయ్యాయా అని. కాలేదు. రెండో ప్రశ్న, నీచు ముట్టనివాళ్ళకు అక్కడ ఏం పెట్టారని. అది పెద్ద కథ, చెప్తాను. మూడో ప్రశ్న ఎవరూ నోటితో అడగలేదు గానీ అందరి కళ్ళల్లోనూ కనిపించింది: ఈ వయసులో వీళ్ళకిదేం పోయేకాలం అని. దానికి జవాబుగానే ఇదంతా రాస్తున్నాను.

నేను ముప్పై మూడేళ్ళు కార్పొరేషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మద్రాసు పేరు చెన్నై అని మార్చిన మరుసటి ఏడు అది. మా ఆయనకు సౌకార్‌పేటలో సుగంధ ద్రవ్యాల హోల్‌సేల్ కొట్టు ఉంది. జాజికాయ, జాపత్రి, లవంగం, యాలక్కాయ. మా మామగారు పెట్టిన కొట్టు. ఈయన ఇరవై రెండో ఏట గద్దె మీద కూర్చున్నాడు, నలభై రెండేళ్ళుగా లేవలేదు. మా పెళ్ళయిన మర్నాడు కూడా కొట్టు తెరిచిన మహానుభావుడు.

రెండేళ్ళ కిందట గుండెనొప్పి వచ్చింది. ఇక కొట్టు అబ్బాయికి అప్పగించి ఇంటి పట్టున ఉండండని డాక్టరు చెప్తే బుద్ధిగా తల ఊపాడు. నెల తిరక్కుండా మళ్ళీ గద్దె మీదే. మా అబ్బాయి గిరికి ముప్పై మూడేళ్ళు. పదేళ్ళుగా తండ్రి పక్కనే ఉన్నాడు, కానీ ముక్కాలిపీట మీద. ఏ బస్తా ముందు విప్పాలన్నా, ఎవరికి సరుకు ఇవ్వాలన్నా ఈయనే చెప్పాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒకనాడు గిరి వంటింట్లోకి వచ్చి, దీపావళి దాకా చూస్తాననీ, అప్పటికీ నైనా ఇలాగే ఉంటే కోయంబత్తూరులో స్నేహితుడితో కలిసి వేరే వ్యాపారం చూసుకుంటాననీ నెమ్మదిగా చెప్పాడు. గిరి గొంతు పెంచి ఉంటే నాకంత భయం వేసేది కాదు. ఈ మనిషి కొట్టు వదలకపోతే ఒంట్లో ప్రాణమూ నిలవదు, ఇంట్లో కొడుకూ నిలవడు.

అందుకని నా ప్రావిడెంట్ ఫండులోంచి తీసి, టి. నగర్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర రెండు టిక్కెట్లు కొన్నాను. సింగపూరు దాకా విమానం, అక్కడి నుంచి ఐదు రోజులు ఓడ. డబ్బు కట్టేశాకే ఆయనకు చెప్పాను. చిందులు తొక్కాడు. కట్టిన డబ్బు వాపసు రాదని చెప్పగానే ఒప్పుకున్నాడు. వ్యాపారస్తుణ్ణి దారికి తెచ్చే ఉపాయం అదొక్కటే.

మీనంబాకం దాకా

బుధవారం రాత్రి మీనంబాకం విమానాశ్రయానికి గిరి కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా పాఠం చెప్పాడు మా ఆయన. లవంగం మూటలు కింద పెట్టొద్దు, చెమ్మ లాగుతాయి. యాలకుల వ్యాపారి వస్తే నేను వచ్చాక మాట్లాడదామని చెప్పు. గిరి అన్నింటికీ సరి సరి అన్నాడు. ఆ 'సరి' ఎంత విసిగిపోయి అన్నాడో వెనక కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది.

నా చేతిసంచిలో పప్పుల పొడి, మాగాయ సీసా, పులిహోరకు కాచిన పులుసు, ఒక ప్లాస్టిక్ మగ్గు ఉన్నాయి. మగ్గు ఎందుకని విమానాశ్రయంలో సంచులు చూసే అమ్మాయి అడగబోయి, నా మొహం చూసి తనే నవ్వి పంపేసింది. వాళ్ళమ్మ కూడా ఎక్కడికో పట్టుకెళ్ళే ఉంటుంది.

సింగపూరులో ఒక పూట

సింగపూరులో మాకు ఉన్నది ఒక పూటే. మనవాళ్ళ అంగళ్ళుండే వీధిలో ఇడ్లీ తిన్నాం. రెండు ఇడ్లీలూ ఒక కాఫీ కలిపి మన లెక్కలో డెబ్భై రూపాయల పైమాట. మా ఆయన ఆ కాఫీని చివరి చుక్క దాకా తాగి, గ్లాసు వంచి కూడా చూశాడు. వీధుల్లో ఒక్క కాగితం ముక్క లేదు. చేతిలో ఉన్న బస్సు టిక్కెట్టు ఎక్కడ పడెయ్యాలో తెలియక సాయంత్రం దాకా నేను దాన్ని పిడికిట్లోనే పెట్టుకు తిరిగాను.

ఇక ఓడ. మన హార్బరులో దూరం నుంచి చూసే ఓడ వేరు, కింద నిలబడి చూసే ఓడ వేరు. పది అంతస్తుల మేడ నీళ్ళ మీద నిలబడింది. లోపల లిఫ్టులు, తివాచీలు, ఈత కొలను. చుట్టూ సముద్రం పెట్టుకుని మళ్ళీ నీళ్ళ తొట్టి ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మా గది చిన్నదే గానీ గుండ్రటి కిటికీ ఉంది. ఓడ కదిలింది. రేవు వెనక్కి పోతుంటే నేను కిటికీకి అతుక్కుపోయాను. వెనకాల ఆయన ప్రయాణపు బట్టలు విప్పి పంచె కట్టుకుంటున్నాడు. గలగలమని చప్పుడైంది. తిరిగి చూశాను. మొలతాటికి కొట్టు తాళంచెవుల గుత్తి వేలాడుతోంది.

కిటికీ వదిలి దగ్గరికొచ్చాను. ఇంట్లోనే గిరికి ఇచ్చి ఉంటాడనుకున్నాను. డూప్లికేటు ఉంది కదా అని అడిగాను. ఉంది. ఎక్కడుంది? కొట్టు లోపల, ఇనప్పెట్టెలో ఉంది. దొంగల చేతికి చిక్కకూడదని ముప్పై ఏళ్ళ కిందట ఆయనే పెట్టి తాళం వేశాడు. ఆ ఇనప్పెట్టె తాళంచెవి కూడా ఈ గుత్తిలోనే ఉంది. ఇంత తెలివి ఒక్క మా ఇంట్లోనే సాధ్యం.

వెంటనే ఫోను చేద్దామన్నాను. ఓడలో ఫోను ఉంది, ఉపగ్రహం మీదుగా పోతుందట. మూడు నిమిషాలకు వెయ్యి రూపాయల పైనే. పోతే పోయిందన్నాను. ఆయన మాత్రం డబ్బు తగలెయ్యొద్దు, పెనాంగులో దిగాక చేద్దాం, గిరి ఏదో చేసుకుంటాడులే అన్నాడు. నాకు వింతగా తోచింది. కొట్టు మూశాక తాళాన్ని మూడుసార్లు లాగి చూసి, వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగే మనిషి ఆ మాట అంటున్నాడు. సముద్రపు గాలి అప్పుడే పనిచేస్తోందని సంతోషపడ్డాను. ఎంత వెర్రిదాన్ని.

నీళ్ళ మధ్య శుక్రవారం

మర్నాడంతా ఎటు చూసినా నీళ్ళే. నాకు అంతకంటే సుఖమైన రోజు గుర్తులేదు. గంట కొట్టేవాళ్ళు లేరు, కూర తరిగే పని లేదు. డెక్కు మీద గుడ్డ కుర్చీలో పడుకుని, ఎగిరే చేపలు నీళ్ళలోంచి లేచి పడుతుంటే చూశాను.

భోజనాల హాల్లో ఎవరికి కావలసింది వాళ్ళు ఎంతైనా పెట్టుకోవచ్చు. మా ఆయన ఆ బల్లలన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చి, ఇంత పెడితే వీడికేం మిగులుతుందని దిగులుపడ్డాడు. 'శాకాహారం' అని చీటీ పెట్టిన అన్నంలో చిన్న చిన్న రొయ్యలు కనిపించాయి. వడ్డించే అబ్బాయిని పిలిచి చూపిస్తే, అవి చాలా చిన్నవే కదా అన్నట్టు చూశాడు. చివరికి పెరుగన్నం కలుపుకుని మాగాయ నంచుకున్నాం. మా బల్ల దగ్గరే కూర్చున్న, మలేషియాలో ఇపో ఊరి చీనావిడ, లిమ్ అని పేరు, మా వయసే ఉంటుంది, సీసా వాసన చూసి కాస్త అడిగింది. వద్దు కారమని సైగ చేశాను. వినలేదు. వేలితో ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాచింది. ఆ రోజు నుంచి ప్రతి పూటా మా బల్ల దగ్గరకే వచ్చేది.

మా ఆయన చెయ్యి గడియారం మాత్రం మన టైములోనే ఉంది. ఓడ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అందరూ భోజనానికి తయారవుతుంటే ఈయన గడియారం చూసుకుని, "ఇప్పుడు తొమ్మిదిన్నర. కొట్టు తెరిచే టైము" అనేవాడు. కాసేపయ్యాక మళ్ళీ చూసుకునేవాడు. శుక్రవారం పూట కొట్టు మూతబడి ఉందంటే ఈయనకు దిగులుగా ఉండాలి. ఉండే ఉంటుంది. కానీ మొహంలో ఉన్నది దిగులొక్కటే కాదు, ఇంకేదో కూడా ఉంది. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసిన మొహం, అయినా నాకు చదవడం రాలేదు.

మర్నాడు ఆయన అలవాటు చొప్పున తెల్లారకుండానే లేచి డెక్కు మీద పచార్లు చేస్తుంటే, లిమ్ అమ్మా, ఇంకో నలుగురు ముసలి చీనావాళ్ళూ నెమ్మదిగా చేతులు తిప్పుతూ ఏదో కసరత్తు చేస్తున్నారట. ఈయన్నీ లాగారు. నేను లేచి వెళ్ళేసరికి పంచె ఎగ్గట్టి, ఒంటికాలి మీద నిలబడి, గాల్లో కనపడని బుట్ట మోస్తున్నట్టు చేతులు పెట్టి ఉన్నాడు మా ఆయన. నన్ను చూసి కాలు దించేశాడు. లిమ్ అమ్మ ఆయన మోకాలి మీద ఒక్కటి చరిచి మళ్ళీ ఎత్తించింది. నేను స్తంభం చాటుకు వెళ్ళి కడుపుబ్బా నవ్వుకున్నాను.

పెనాంగు రేవు

శనివారం పొద్దున మలేషియా దీవి పెనాంగులో దిగాం. రేవు బయటే ఫోను పెట్టెలున్నాయి, కార్డు కొని మాట్లాడాలి. గిరికి చేశాను. కొట్టు సంగతి అడగ్గానే నవ్వాడు.

"గురువారం పొద్దున్నే తాళం పగలగొట్టించినా అమ్మా. అరగంటలో అయిపోయింది. కొత్త తాళం వేసినా. నైనాకు చెప్పబాక, కోపం చేసుకుంటాడు."

చెప్పకుండా ఎలా? ఆయన నా పక్కనే చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. సొంత కొట్టు తాళం పగలగొట్టడమంటే మా అత్తగారింట్లో చాలా పెద్ద అపశకునం. దివాలా తీసిన కొట్టుకే ఆ గతి అని మా మామగారు అనేవారట. ఇక అగ్గి రాజుకుంటుందనుకున్నాను. ఆయన అరవలేదు. ఫోను పెట్టాక, "అరగంటేనా?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. మెట్లు దిగి, రోడ్డు అంచున నిలబడి, పోయే బళ్ళను చూస్తూ ఉండిపోయాడు. మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయినట్టు కనిపించాడు. నాకు భయమేసింది. మాత్ర వేసుకున్నారా అని అడిగాను. వేసుకున్నానన్నాడు.

టాక్సీ కావాలా అని ఒకాయన మలాయిలో అడిగాడు. వద్దని నేను ఈయనతో తెలుగులో అంటే, ఆయన ఆగిపోయాడు.

"మీరు తెలుగోలా?" అన్నాడు. "నా పేరు అప్పలస్వామండి. మా తాతది బొబ్బిలి కాడ ఏదో పల్లంట. రబ్బరు తోటలోకి ఒచ్చీసినాడు. నాను సూడనేదు."

మేం కూడా బొబ్బిలి చూడలేదు. మా వాళ్ళు నాలుగు తరాల కిందట నెల్లూరు పక్క నుంచి చెన్నపట్నం వచ్చారు, మేం నెల్లూరూ సరిగ్గా చూడలేదు. సముద్రానికి ఇవతల ముగ్గురు తెలుగువాళ్ళం కలిశాం, ముగ్గురిలో ఒక్కరికీ తెలుగునేల తెలియదు. అప్పలస్వామి పెద్దగా నవ్వాడు. ఆయన మాట మాకు సగం కొత్త, మా మాట ఆయనకు సగం కొత్త. అయినా బిడ్డల సంగతీ మోకాళ్ళ నొప్పుల సంగతీ చక్కగా చెప్పుకున్నాం. ఇంట్లో పిల్లలు తెలుగు మాట్లాడతారా అని అడిగితే, తిట్టేటప్పుడు అర్థమవుతుందన్నాడు. మా ఇంట్లోనూ అంతే, గిరి కోపం వస్తే అరవంలోకి దిగుతాడు.

చివరికి ఆయన టాక్సీయే ఎక్కాం. మాది ఏం వ్యాపారమని దారిలో అడిగాడు. జాజికాయ అని చెప్పాను. ఆయన కారు దాదాపు ఆపేసి వెనక్కి తిరిగాడు. ఈ దీవిలో జాజి తోటలున్నాయి, చూడకుండా పోతే ఎట్టా అన్నాడు. గుడి చూడాలి, కొండ రైలెక్కాలి అని నేను రాసుకొచ్చిన చీటీ మడిచి సంచిలో పెట్టేశాను.

జాజి తోట

కొండ మలుపులు తిరిగి దీవికి అవతలి పక్కకు పోయాం. మొదట వాన, తర్వాత ఎండ, మళ్ళీ వాన. తోట ఒక ముసలి చీనా దంపతులది. చెట్లు మన నేరేడు చెట్ల ఎత్తు, ఆకు నిగనిగలాడుతోంది. కాయలు చిన్న జామకాయల్లా పసుపుపచ్చగా ఉన్నాయి. పండిన కాయ చెట్టు మీదే నిలువునా పగిలి ఉంది.

తోట ముసలాయన ఒక కాయ కోసి, రెండు చేతులతో విప్పి మా ఆయన అరచేతిలో పెట్టాడు. నల్లగా మెరిసే గింజ. అదే జాజికాయ. దాని చుట్టూ అల్లుకున్న జాపత్రి. మా కొట్టులో జాపత్రి అంటే ఎండిపోయి, లేత ఇటిక రంగులో, పట్టుకుంటే విరిగిపోయే సరుకు. ఇది తడిగా, పెళ్ళికూతురి కాళ్ళ పారాణిలా ఎర్రగా ఉంది.

మా ఆయన కదలకుండా దాన్నే చూశాడు. రెండూ ఒకే కాయలోంచి వస్తాయని ఆయనకు తెలియక కాదు. కానీ నలభై రెండేళ్ళుగా ఆ రెండూ వేరు వేరు బస్తాల్లో వచ్చాయి, వేరు వేరు ధరకు పోయాయి.

"ఇంత ఎరుపా సుశీలా?" అన్నాడు. "నాకు తెలియనే తెలియదే."

ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో. కొట్లో పనివాళ్ళ ముందు 'ఇంట్లో', పిల్లవాడి ముందు 'మీ అమ్మ', నా ముందు 'ఏమే'. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తోటావిడ జాజి పండు కండను సన్నగా తరిగి చక్కెరలో ఊరబెట్టిన ముక్కలు పెట్టింది, చల్లటి రసం ఇచ్చింది. గ్లాసు రింగిట్టున్నర, అంటే ఇరవై రూపాయల చిల్లర. పులుపు, తీపి, వెనకాల సన్నటి ఘాటు. కండ తింటారని కూడా మా ఆయనకు తెలియదు. మూడు గ్లాసులు తాగాడు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అని నేను ఎన్నిసార్లు ఎత్తిపొడిచానో ఈ మనిషిని. ఆ రోజు ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అప్పలస్వామి తోట ముసలాయనతో కబుర్లలో పడ్డాడు. మేమిద్దరం రేకుల పందిరి కింద బెంచీ మీద కూర్చున్నాం. రేకు మీద వాన టపటపలాడుతోంది. అప్పుడు చెప్పాడు, నా వైపు చూడకుండా.

"మరిచిపోయి తేలేదు తాళాలు. కారెక్కేటప్పుడే తెలుసు. దారంతా మొలకు గుచ్చుకుంటానే ఉండినాయి. గిరి పక్కనే కూచోనుండాడు."

నేను ఆయన వైపు తిరిగాను.

"నేను లేకుంటే ఆడ తలుపు తెరుచుకోదని ఒకసారి చూడాలనిపించింది. వారం రోజులు మూసుంటే ఉండనీ అనుకున్నా. వాడికి అరగంట పట్టింది."

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కన్నకొడుకును వీధిలో మూసిన తలుపు ముందు నిలబెడతారా, పది మంది వ్యాపారుల ఎదుట వాడి మొహం ఎట్టా ఉండి ఉంటుందని, బళ్ళో పిల్లల్ని కేకలేసినట్టు వేశాను. వాడు దీపావళికి వెళ్ళిపోదామనుకుంటున్న సంగతి కూడా, అప్పటిదాకా కడుపులో దాచుకున్నది, కక్కేశాను. ఆయన వాదించలేదు. తప్పయిందన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. తర్వాత, వాడు నాకెందుకు చెప్పలేదని అడిగాడు. చెప్తే మీరు వింటారా అన్నాను. వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాం. మధ్యలో ఆయన చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పలస్వామి చూస్తాడేమోనని నాకు సిగ్గేసింది. అయినా తీసుకోలేదు.

రేవు దగ్గర దిగేటప్పుడు అప్పలస్వామి తక్కువే తీసుకున్నాడు. ఊరగాయ ఏదైనా ఉందా అని మొహమాటంగా అడిగాడు. మాగాయ సగం సీసా అలాగే ఇచ్చేశాను. లిమ్ అమ్మకు ఏం సమాధానం చెప్పాలా అని అప్పుడు గుర్తొచ్చింది.

ఫుకెట్ ఇసుక

ఆదివారం థాయిలాండులోని ఫుకెట్. పెద్ద ఓడ దూరంగా ఆగింది, చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్ళారు. పడవలోకి దిగేటప్పుడు చీర కుచ్చెళ్ళు కాలికి తట్టి నేను ముందుకు పడబోయాను, ఇద్దరు థాయి నావికులు చెరో రెక్క పట్టుకుని బస్తాను దింపినట్టు దింపారు. మా ఆయన మూట భద్రం అన్నాడు. మనిషికి హాస్యం తిరిగొచ్చిందని అర్థమైంది.

ఆ నీళ్ళ రంగు ఏమని చెప్పను. మన మెరీనాలో సముద్రం అంటే బూడిద రంగు, ఒక్క అడుగు వేస్తే లాగేస్తుంది, చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. ఇక్కడ మోకాలి లోతులో నిలబడితే కాలి వేళ్ళ మధ్య చేపపిల్లలు తిరుగుతున్నాయి. తెల్లవాళ్ళు ఆడా మగా అరకొర బట్టలతో పడుకుని ఒళ్ళు కాల్చుకుంటున్నారు. మనం నీడ కోసం చెట్టు వెతుక్కుంటాం, వాళ్ళు ఎండను అరువు తెచ్చుకుంటున్నారు. మొదటి పది నిమిషాలు తల ఎటు తిప్పాలో తెలియలేదు. తర్వాత అలవాటైపోయింది.

కొబ్బరి బోండాం అడిగిన ధర విని మా ఆయన బేరానికి దిగాడు. అమ్మే పిల్ల లెక్కల యంత్రంలో అంకె నొక్కి చూపించడం, ఈయన తుడిచి తన అంకె నొక్కడం. ఐదుసార్లు అయ్యాక ఇద్దరూ నవ్వేశారు. బోండాం తాగి, నా ఒడి పక్కన తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక. పట్టపగలు, పదకొండు గంటల వేళ, ఈ మనిషి నిద్రపోవడం నేను ఆసుపత్రిలో తప్ప చూడలేదు. ఎండ మొహం మీదికి వస్తుంటే కొంగు అడ్డం పెట్టాను. గంటన్నర అలాగే కూర్చున్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. లేపబుద్ధి కాలేదు.

లేచాక సముద్రంలోకి దిగాడు. నడుము దాకా. పంచె బెలూనులా పైకి తేలితే రెండు చేతులా అదిమి పట్టుకుని నన్ను రమ్మని కేకేశాడు. నేనూ వెళ్ళాను, చీరతోనే. ఒడ్డున విడిచిన నా చెప్పుల జతను అల ఎత్తుకుపోయింది, పోనీ అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో సోమవారమంతా మళ్ళీ నీళ్ళే. తెల్లవారుజాము కసరత్తులో ఈసారి నేనూ కాలెత్తాను. ఆ పొద్దు మా ఆయన గడియారం ఓడ టైముకు తిప్పి ఉంది. ఎప్పుడు తిప్పాడో నేను అడగలేదు.

మళ్ళీ సౌకార్‌పేట

మంగళవారం ఇల్లు చేరాం. విమానాశ్రయానికి గిరి వచ్చాడు. తండ్రీ కొడుకులు తాళం మాట ఎత్తలేదు. ఎండకు నల్లబడినారే అని వాడన్నాడు, బాగా తిన్నాం అని ఈయనన్నాడు. బుధవారం, గురువారం ఈయన ఇంట్లోనే ఉన్నాడు. పేపరు చదివాడు, నాతో కలిసి చిక్కుడుకాయలు ఒలిచాడు. నేను లోపల్లోపల వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టి, నామం పెట్టుకుని గడప దగ్గరకు వచ్చాడు. వస్తానని ఒక్క మాట. నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడ్డాను. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. నా డబ్బంతా, నా ఓడంతా బూడిదలో పోసిన పన్నీరైంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డా కదల్లేదు నేను. కోయంబత్తూరుకు గిరి సామాను ఏయే పెట్టెల్లో సర్దాలో కూడా ఆలోచించేశాను.

తొమ్మిదిన్నర దాటాక ఫోను మోగింది. గిరి. అమ్మా అంటూ ముక్కు ఎగబీల్చాడు. ఏమైందిరా, నైనాకు బాగుందా అని అరిచాను. బాగున్నాడని చెప్పాడు. కొట్టు తెరిచి కర్పూరం వెలిగిస్తుంటే వచ్చాడట. గిరి గద్దె మీంచి లేచి, పైకి రండి నైనా అని చోటిచ్చాడట. ఆయన రాలేదు. చెప్పులు విడవలేదు, మెట్టెక్కలేదు. కింద వీధిలో, సరుకు కొనేవాళ్ళు నిలబడే చోట నిలబడి, వంద గ్రాముల జాపత్రి ఇమ్మని అడిగాడట. మనం చిల్లర బేరం చెయ్యము కదా అంటే, ఈ పొద్దు బోణీ నాది, తూచి ఇయ్యి అన్నాడట. డబ్బు వద్దంటే ఒప్పుకోలేదట. బోణీ ఊరికే ఇవ్వకూడదని గిరికి నేర్పింది ఆయనే కదా. గిరి తూచి, పొట్లం కట్టి, ఆయన ఇచ్చిన నోటు కళ్ళకద్దుకుని పెట్టెలో వేశాడట.

"తర్వాత?" అన్నాను.

"పొట్లం తీసుకుని, వీధిలో అందరూ చూస్తా ఉండగా నాకు దణ్ణం పెట్టినాడమ్మా. 'వస్తా మొదలాళీ' అని చెప్పి పోయినాడు."

మొదలాళి అంటే మా చెన్నపట్నంలో కొట్టు యజమాని. ఆ వీధిలో నలభై రెండేళ్ళుగా ఆ పిలుపు మా ఆయన ఒక్కడిదే. ఫోనులో గిరి ఏడుస్తున్నాడు, వద్దురా అనలేదు నేను. నేనూ ఏడుస్తున్నాను. ఇంతలో బయట ఆటో ఆగింది.